విరిగిన రెక్కలు – అతికిన చేతులు

(లిబరేటరు విమానమును గూర్చి కమలాపురము పఠనమందిరమున ఒక న్యాయవాది చేసిన ఉపన్యాసము)



మన సీమలో ఆకాశమువంక చూచువారందరును మబ్బుకొరకే చూతురు. అట్టి సీమలో నిలిచి, వానను గాక బాంబులను కురిపించిన యొక విమానమును గూర్చి మాటలాడబూనుట కొందరికి వింతగా తోచవచ్చును. ఈ విషయము ప్రకటించిననాడు మిత్రుడొకడు నన్ను కచ్చేరి మెట్లమీద నిలిపి, “ఏమి వకీలయ్యా, శెనక్కాయల ధర యేమైనదని అడుగువాడు లేడు గాని, ఎనుబదియేండ్లనాటి బాంబరు సంగతి నీకెందుకు?” అనెను. ఆయన ఈ సభలోనే యున్నాడు. నా జవాబు ఆలకించినపిమ్మట తీర్పు చెప్పుభారము ఆయనకే వదలుచున్నాను.

మొదట ఆ యంత్రమెట్టిదో చెప్పెదను. దాని పేరు బి-24. ఇంగ్లీషువారు దానికి ‘లిబరేటరు’ అని పేరుపెట్టిరి. విమోచకుడని యర్థము. పరుల దేశములను చెరబట్టి యుంచుకొన్న ప్రభుత్వము తన విమానమునకు విమోచకుడని నామకరణము చేయుటలోని హాస్యమును మీరే గ్రహింతురు. అమెరికాలో కన్సాలిడేటెడ్ అను కంపెనీ దానిని రూపొందించెను. 1939 డిసెంబరు 29వ తేదీన అది మొదటిసారి ఎగిరెను. ఒక రెక్క కొననుండి మరియొక రెక్క కొనకు 110 అడుగులు. మన పఠనమందిరమువంటివి రెండు మూడు దాని రెక్కల నీడలో ఇముడును. ఒక్కొక్కటి 1200 గుర్రముల బలముగల నాలుగు ఇంజనులు. కడుపులో గరిష్ఠముగా 8000 పౌనుల బాంబులు. పదిమంది వరకు సిబ్బంది. సన్నగా, పొడవుగా నుండు దాని రెక్కయే దాని ప్రాణము. ఆ రెక్కవలననే అది ఆనాటి తక్కిన బాంబరులకన్న ఎక్కువ దూరము పోగలిగెను. ఐతే పల్చని ఆ రెక్కకు దెబ్బ తగిలిన తట్టుకొనలేకపోవుటయు దాని జాతకములోనే యున్నది. మోటారుబండ్లు చేయు ఫోర్డు కంపెనీ విల్లో రన్ అనుచోట ఒక కార్ఖానా కట్టి, 1944 నాటికి గంటకొకటి చొప్పున వీనిని వెలువరించెను. మొత్తముమీద 18,000కు పైగా తయారైనవి. అమెరికాలో ఏ యుద్ధవిమానమును ఇంత సంఖ్యలో చేయలేదు.

ఇన్నివేల విమానములు ఎవరి చేతులలోనికి పోయెను? వాటితో ఎవరేమి చేసిరి? నేడు నేను చెప్పదలచిన దిదియే. కచ్చేరిలో మేము స్వామ్యము వేరు, స్వాధీనము వేరు అందుము. పట్టా ఒకనిది, పొలము దున్నువాడు మరొకడు. కత్తి కమ్మరిదే యైనను, దానితో కూరగాయ తరిగినవాని కథ వేరు, గొంతు కోసినవాని కథ వేరు. ఇనుమునకు పాపపుణ్యములు లేవు.

సైనికులతో మొదలిడుదము. ఐరోపాలో ఇది చేసిన విధ్వంసము చిన్నది కాదు. 1943 ఆగస్టు 1వ తేదీన రుమేనియాలోని ప్లోయెస్తి నూనె కార్ఖానాలమీదికి ఆఫ్రికానుండి 170కి పైగా లిబరేటరులు బయలుదేరి, చెట్లకొనలను తాకునంత తక్కువ ఎత్తున దూసుకొనిపోయినవి. 50కి మించి తిరిగి రాలేదు. ఒక్క పూటలో అన్ని సిబ్బందులు! అందులకు ఫలము? నూనె కార్ఖానాలు కొన్ని వారములలోనే మరల పనిచేయసాగెను. బాంబులతో యుద్ధము గెలువవచ్చునని చెప్పువారికి ఇది చదువదగిన పాఠము.

అదే విమానము సముద్రముపై చేసిన పని వేరు. అట్లాంటికు మహాసముద్రము నడిమిభాగమున, ఏ తీరమునుండి బయలుదేరిన విమానమునకును అందని ఖాళీ యొకటి యుండెడిది. జర్మను జలాంతర్గాములు అచ్చటనే పొంచియుండి వర్తకనౌకలను ముంచుచుండెను. బాంబులు తగ్గించి పెట్రోలు హెచ్చుగా నింపిన లిబరేటరులు 1943లో ఆ ఖాళీని పూడ్చినవి. ఆ యేడు మే నెలకు జలాంతర్గాములు వెనుకకు తగ్గవలసి వచ్చెను. ఎన్ని నౌకలు, ఎందరు నావికులు వీనివలన బ్రదికిరో! ఆ వర్తకనౌకలలో బొగ్గువేయు పనికి, వంటపనికి పోయిన మన దేశపు లష్కరులును వేలకొలది యుండిరని మరువరాదు.

1944లో వార్సా నగరము జర్మనులపై తిరుగబడినప్పుడు, ఇటలీనుండి దక్షిణాఫ్రికా, బ్రిటిషు, పోలిషు సిబ్బంది లిబరేటరులు మొదలగు వానిలో రాత్రులయందు పోయి, మండుచున్న వీథులపై మందుగుండును, ఆహారమును జారవిడిచిరి. బహుమంది నేలకూలిరి. తిరుగుబాటు అణగిపోయెను. విమోచకుడను పేరునకు ఆ విమానము అక్కడ కొంత న్యాయము చేసెనని నాకు తోచును.

ఇక మన దేశము. మన తెలుగువారికి విమానయుద్ధపు రుచి 1942 ఏప్రిల్ 6వ తేదీన తెలిసినది. నాడు జపాను విమానవాహక నౌకనుండి లేచిన విమానములు విశాఖపట్టణముపైని, కాకినాడపైని బాంబులు వేసెను. పట్టణములు ఖాళీయయ్యెను, మదరాసునుండి జనము మూటాముల్లె కట్టుకొని రైళ్లమీద పడిరి. తూర్పుతీరమున మన సముద్రమును కావలి కాచుటకు చాలినన్ని దూరపు విమానములు ఆనాడు లేవు. రెండేండ్లు గడచి, 1944లో గాని, మదరాసు చెంత సెయింటు థామసు మౌంటునకు బ్రిటిషు వాయుసేనవారి 200వ స్క్వాడ్రను లిబరేటరులతో వచ్చి బంగాళాఖాతముపై తిరుగసాగలేదు. దొంగలు పోయిన పిదప కుక్కను కట్టినట్టైనది.

బంగాళములో దిగ్రి, సల్బోని, పాండవేశ్వరము మొదలగుచోట్ల ఏరోడ్రోములు వెలసెను. అచ్చటనుండి అమెరికావారును బ్రిటిషువారును రంగూనుమీదికి, బర్మా రైలుమార్గములమీదికి, 1944 అక్టోబరులో పినాంగు రేవు నోటిలో గనులు వేయుటకు, రాకపోకలకు 3000 మైళ్లు ఈ విమానములను నడిపిరి. ఏకబిగిని పగలును రాత్రియు ఎగిరి వచ్చిన ఆ సిబ్బంది ధైర్యమును నేను తక్కువ చేయను. కాని రన్వేలు పరచుటకు రాయి కొట్టినవారును, మట్టి మోసినవారును మన కూలీలు. 1943లో అదే బంగాళములో అన్నములేక 20, 30 లక్షలమంది చచ్చిరి. విమానమునకు పెట్రోలు సముద్రములు దాటి వచ్చెను, బియ్యము రాలేదు. కరువు మనకు క్రొత్త కాదు. కరువును చూచి కన్ను మూసికొను ప్రభుత్వమును అంతకుముందు ధాతుకరువులో మన పెద్దలు చూచియే యుండిరి. అందుచేత ఆ లెక్క మనకు మరియొకరు వివరింప నక్కరలేదు.

మరియొక ముక్క. 1942 ఆగస్టు మొదటివారమున ఇంగ్లండు ప్రధానమంత్రి చర్చిలు ‘కమాండో’ అని పేరుపెట్టిన తన సొంత లిబరేటరులో, కిటికీలు మూసిన చీకటిలో పడక వేసికొని కైరోకు పోయెను. అటనుండి మాస్కోకు పోయెను. ప్రపంచస్వాతంత్ర్యమునకై పోరు సాగించు యాత్ర యది యని పత్రికలు వ్రాసెను. ఆయన కైరోలో నుండగనే, ఆగస్టు 8వ తేదీ రాత్రి బొంబాయిలో ‘క్విట్ ఇండియా’ తీర్మానమైనది. తెల్లవారకముందే గాంధీమహాత్ముడును తక్కిన నాయకులును చెరలోనికి పోయిరి. ఆ నెలలోనే బీహారు మొదలగు తావులలో, రైలుపట్టాలచెంత గుమిగూడిన జనముపై విమానములనుండి మరతుపాకులు కాల్చిరి. అవి లిబరేటరులు కావు, చిన్న విమానములు. ఐనను ఆకాశమునుండి చూచువానికి క్రిందనున్నవాడు మనుష్యుడుగా కానరాడను మాట అచ్చట రుజువైనది. ఆ ‘కమాండో’ విమానము 1945 మార్చిలో అజోర్సు దీవులచెంత సముద్రములో మాయమయ్యెను. అప్పుడు చర్చిలు అందు లేడు.

ఇక పౌరవిమానముగా దీనిని నడిపినవారి కథ. బాంబరులో ప్రయాణికులేమిటని నవ్వకుడు. అమెరికాలో కొన్న విమానములను ఇంగ్లండునకు ఎగురవేసికొని వచ్చు వైమానికులు తిరిగి అమెరికాకు పోవలెను గదా. ఓడలో పోయిన వారములు పట్టును. అందుచేత 1941లో లిబరేటరుల కడుపులోని బాంబుల అరలో పలకలు పరచి, వారిని అందులో పండుకొనబెట్టి అట్లాంటికు దాటింపసాగిరి. ఆ నౌకరీ పిదప బి.ఓ.ఏ.సి. అను పౌరవిమాన సంస్థ చేతిలోనికి వచ్చెను. చలిబట్టలు కట్టుకొని, ముక్కునకు ఆమ్లజని గొట్టము తగిలించుకొని, చీకటిలో పదునారుగంటలు! మొదటినెలలలోనే ఘోరములు జరిగెను. 1941 ఆగస్టు 10వ తేదీన ఒక విమానము స్కాట్లండులోని ఆరన్ దీవి కొండను కొట్టుకొని అందలి 22 మందియు చనిపోయిరి. నాలుగు దినములకు, 14వ తేదీన, మరియొకటి లేచుచునే కూలి మరల 22 మంది చనిపోయిరి. రెండవదానిలో ఆర్థరు పర్విసు ఉండెను. అమెరికానుండి ఇంగ్లండునకు యుద్ధసామగ్రి కొనిపెట్టుచుండిన కమిషనునకు ఆయన పెద్ద. తాను తెప్పించిన రకము విమానములోనే ఆయన అంతమొందెను.

ఆస్ట్రేలియావారి క్వాంటాసు కంపెనీ కథ మనకు ఇంకను దగ్గరిది. సింగపూరు పడిపోయిన పిమ్మట ఆస్ట్రేలియాకును ఇంగ్లండునకును నడుమ ఆకాశమార్గము తెగిపోయెను. 1943లో వారు కాటలీనా అను నీటివిమానములతో పెర్తునుండి సింహళమునకు నేరుగా, జపానువారి కంటబడకుండ, రేడియో మూసికొని ఎగురసాగిరి. ప్రయాణికులు త్రోవలో రెండు సూర్యోదయములు చూచెడివారట! 1944 జూనునుండి ఆ మార్గమున లిబరేటరులు వచ్చెను. ఆ సర్వీసునకు ‘కంగారు’ పేరు పెట్టి, విమానము ముక్కుమీద కంగారు బొమ్మ వేసిరి. ఆ కంపెనీకి నేటికిని అదే గుర్తు. బాంబరును ప్రయాణికుల బండిగా మార్చి, శత్రువు ఏలు సముద్రముమీద, ఉత్తరములు మోసి, మనుష్యులను మోసి, ఒక తెగిన దారిని అతికిరి. ఈ కథ చదివినప్పుడు నాకు ఆ కంపెనీ సిబ్బందిపై గౌరవము కలిగినదని దాచను.

సామానులు మోయుటకు సి-87 అని యొక రకము చేసిరి. అస్సామునుండి హిమాలయముల తూర్పుకొసను దాటి చైనాకు పెట్రోలు, మందుగుండు మోయుటలో ఇదియు పాల్గొనెను. వైమానికులకు దీనిపై ప్రేమ లేదు. ఎర్నెస్టు గాన్ అను అమెరికా వైమానికుడు, ఆగ్రాలో తాను కోరినదానికన్న ఎక్కువ పెట్రోలు నింపిన సంగతి తెలియక ఒక సి-87ను లేవదీసి, అది పైకి లేవక, తాజమహలును కొట్టుకొనబోయి వెంట్రుకవాసిలో తప్పించుకొన్న సంగతిని 1961లో వెలువడిన తన స్వీయచరిత్రలో వ్రాసికొన్నాడు. షాజహాను కట్టినదానిని యమునయొడ్డున చెక్కుచెదరక నిలిపినది ఆనాడు వైమానికుని చేతివాటమా, దైవమా, మనము తేల్చలేము.

సోదరులారా! ఇంతవరకు చెప్పినది పరుల కథ. ఇకమీద చెప్పబోవునది మనది.

యుద్ధము 1945లో ముగిసెను. లిబరేటరులను చాలమట్టుకు బ్రిటిషువారికి అమెరికావారు అమ్మలేదు. 1941 మార్చి 11వ తేదీన చేసిన ‘లెండ్-లీజు’ చట్టముక్రింద వాడుకకిచ్చిరి. మనవారు ‘ఎరువు సొమ్ము బరువుచేటు’ అందురు. యుద్ధము ముగియగనే ఎరువు తెచ్చినది తిరిగి యియ్యవలెను, లేదా పనికిరాకుండ ధ్వంసము చేయవలెను. అమెరికాలోనే వేలకొలది విమానములు ఎడారులలో ఎండుచుండగా ఇండియానుండి పాతవానిని తిరిగి తీసికొనుట ఎవరికి కావలెను? అందుచేత దేశములో నలుమూలలనున్న లిబరేటరులను కాన్పూరునకు ఎగురవేసికొని వచ్చి, అచ్చటి మైదానమున బారులుతీర్చి, బ్రిటిషువారు వానిని విరుగగొట్టిరి. పెద్ద బండ్లతో గుద్దిరి. గునపములతో ఒళ్లు చీల్చిరి. ఇంజనులలో ఇసుక పోసిరి. అందలి పనిముట్లను పగులగొట్టిరి.

న్యాయశాస్త్రమునుబట్టి వారు చేసినది తప్పని నేను అనను. ఒడంబడికలో నున్నది చేసిరి. కాని పల్లెలో కాపు కౌలునకు పుచ్చుకొన్న పొలము విడుచునప్పుడు బావిలో మట్టి పోసి పోడు. పోసినయెడల ఊరు వానిని రెండు తరములు జ్ఞాపకముంచుకొనును. చట్టము వేరు, మర్యాద వేరు.

రెండేండ్లు ఆ విమానములు కాన్పూరులో వానకు నాని, ఎండకు ఎండెను. ఈలోగా దేశమునకు స్వాతంత్ర్యము వచ్చెను; దేశము రెండు చెక్కలయ్యెను; కాశ్మీరములో యుద్ధము పుట్టెను. మన వాయుసేనకు పెద్ద బాంబరు ఒక్కటియు లేదు. సామానులు మోయు డకోటాల తలుపులోనుండి బాంబులను చేతులతో దొర్లించి పనిగడుపుకొనవలసిన స్థితి. విదేశములలో కొనవలెనన్న డబ్బు లేదు. డబ్బున్నను అమ్మువాని దయ కావలెను. అట్టి సమయమున, 1948లో, బెంగుళూరులోని హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్టు కార్ఖానావారు కాన్పూరులోని ఆ శవములవంక చూచిరి.

ఈ కార్ఖానా పుట్టుక కొంచెము చెప్పక తీరదు. దానిని 1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్ అను వ్యాపారి మైసూరు సంస్థానమువారి తోడ్పాటుతో స్థాపించెను. మన దేశములో విమానములు చేయవలెనని ఆయన కోరిక. 1942లో ఇండియా ప్రభుత్వము దాని నిర్వహణమును తన చేతికి తీసికొనెను. 1943లో అమెరికా సైన్యము చేతిలో పెట్టెను. తూర్పుదేశముల యుద్ధరంగమున దెబ్బతిన్న అమెరికా విమానములెన్నో అచ్చటికి మరమ్మతునకు వచ్చెడివి. స్వదేశి కార్ఖానాను పరసైన్యపు మరమ్మతుశాల చేసిరని నాడు వగచినవారు కలరు, వగచుట న్యాయమే. కాని ఆ మూడేండ్లలో వేలకొలది మన పనివాండ్రు అమెరికా విమానపు నరనరమును విప్పి, కడిగి, బిగించుట నేర్చిరి. వెళ్లిపోయినవారు విమానములను విరుగగొట్టగలిగిరి గాని, ఆ చేతులలోని విద్యను విరుగగొట్టలేకపోయిరి. కాన్పూరు కథకు కీలకము ఇచ్చట నున్నదని నా యభిప్రాయము.

పనివాండ్రు కాన్పూరునకు పోయిరి. ఒక్కొక్క కళేబరమును పరీక్షించి, ఏది కొంచెము తక్కువగా చచ్చినదో ఏరిరి. ఒకదాని రెక్క, మరొకదాని తోక, వేరొకదాని ఇంజను. చీలిన ఒంటికి రేకులు అతికిరి. పూర్తిగా బాగుచేయుటకు కావలసిన యంత్రములన్నియు బెంగుళూరులో నున్నవి. విమానమో, 110 అడుగులది. రైలుబండిమీద ఎక్కించి తేవలెనన్న దానిని మరల ముక్కలు చేయవలెను. కాన దానిని బెంగుళూరువరకు ఒక్కసారి ఎగురగలుగునంత మాత్రము బాగుచేసి, ఎగురవేసికొని పోవుటకు నిశ్చయించిరి.

ఎవరు ఎగురవేయవలెను? జంషెడ్ మున్షీ అను పారసీకుడు, ఆ కార్ఖానాలోని పరీక్షావైమానికుడు, ఆ పనికి పూనుకొనెను. ఆయన సైనికుడు కాడు, కార్ఖానా ఉద్యోగి. ఒక్కసారి కాదు, రెండుసార్లు కాదు; 42 విమానములను ఒకదానివెనుక నొకటిగా ఆయన కాన్పూరునుండి బెంగుళూరునకు తెచ్చెను. ఇసుక పోసిన ఇంజనులు, గునపము దిగిన రెక్కలు, అతుకుల ఒళ్లు. ఒక్కటియు కూలలేదు.

ఇప్పుడు మన పటము తీయుడు. కాన్పూరునుండి బెంగుళూరునకు కొలబద్ద పెట్టి గీత గీయుడు. దూరము సుమారు 950 మైళ్లు. ఆ గీత వింధ్యను దాటి, హైదరాబాదు నెత్తిమీదుగా వచ్చి, కృష్ణను తుంగభద్రను దాటి, కర్నూలునకు తూర్పున కొద్దిదూరమున, తాడిపత్రిమీదుగా, కదిరికి పడమటగా పోవును. మన కమలాపురము దానికి నలుబది యేబది మైళ్ల దూరములోనిదే. కచ్చేరి మెట్లమీద నన్ను నిలిపిన మిత్రునికి నా మొదటి జవాబు ఈ గీత. ఆ విమానములు మన సీమకు పరాయివి కావు.

బెంగుళూరులో వానిని ముక్కముక్కగా విప్పి, తుప్పు గీకి, క్రొత్తగా బిగించిరి. 1948 నవంబరు 2వ తేదీన భారత వాయుసేనలో 5వ స్క్వాడ్రను లిబరేటరులతో కాన్పూరులోనే ఏర్పడెను. ఏ మైదానమున వానిని చంపిరో ఆ మైదానముననే అవి లేచి నిలిచినవి. పెద్ద బాంబరుల స్క్వాడ్రను స్వతంత్రభారతమునకు అదియే మొదటిది. దానికి ఏనుగు గుర్తు; ఇంతకన్న తగిన గుర్తు దొరకదు. 1957లో ఆ స్క్వాడ్రనునకు కాన్బెర్రా జెట్టులు వచ్చినవి. 6వ స్క్వాడ్రను మాత్రము లిబరేటరులతో సముద్రపు కావలి కాచుచు 1968 చివరివరకు వానిని నడిపెను. ప్రపంచమున ఈ విమానమును సైనికముగా చివరివరకు నడిపినవారు మనవారే. గంటకొకటి చొప్పున చేసినవారి దేశములో అవి ఏనాడో కుండలు గిన్నెలైపోయినవి. విరిచి పారవేసినవానిని ఎత్తుకొన్నవారు ఇరువదియేండ్లు ఎగురవేసిరి.

ఇక నా మిత్రులలో కొందరు వేయు ఆక్షేపణలకు వత్తును. ఒకరు, “అహింసతో స్వాతంత్ర్యము తెచ్చుకొన్న జాతి బాంబరును చూచి గర్వించుటేమి?” అందురు. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. ఖద్దరు కట్టినవాడు ఈ ప్రశ్నకు తప్పించుకొని పోరాదు. ప్లోయెస్తిని, రంగూనును తగులబెట్టిన కడుపులే ఈ విమానములకును ఉండెను. నేను గర్వించునది ఆ కడుపులోని బాంబులను జూచి కాదు. సుత్తిని జూచి, ఆకురాయిని జూచి, అతుకును జూచి. గాంధీజీ మెచ్చుకొన్నది చేతిపనిని గదా. పాడైనదానిని పారవేయక బాగుచేసికొనుట ఆయన ఆశ్రమములో నిత్యనియమము. మన చేతిలోనికి వచ్చిన పిదప ఈ యంత్రము తన బ్రదుకులో ఎక్కువ కాలము సముద్రముమీద కావలి తిరిగినది. విశాఖపట్టణమున 1942లో లేనిది ఆ కావలియే. ఐనను కావలివాని చేతిలో కర్ర యుండవలెనా వలదా యను వాదము నేటి సభలో తేలునది కాదు. ఎవరైనను లేచి వాదించిన సంతోషముతో విందును.

మరియొకరు, “పరులు పారవేసిన తుక్కును అతుకుట గొప్పయా? క్రొత్తది చేసిన గొప్ప గాని!” అందురు. ఈ మాట నాకు కోపము తెప్పించును. క్రొత్తది చేయువానికి నమూనా యున్నది, కొలతలున్నవి, లోహమున్నది. విరిగినదానిని బాగుచేయువాడు విరిచినవాని బుద్ధిని కూడ చదువవలెను: ఎక్కడ కనబడకుండ పొడిచినాడు? ఎక్కడ ఇసుక దాచినాడు? పైకి బాగుగనున్న గొట్టములో నెర్రె యున్నదా? అది తెలియక పోయిన, ఎగిరినవాడు తిరిగిరాడు. 42 ప్రయాణములలో ఒక్కటియు చెడలేదనగా ఆ పనివాండ్రు ఎన్ని వేల మేకులను, ఎన్ని వేల తీగలను తడిమి చూచియుందురో లెక్కవేయుడు. మన ఊరి కమ్మరి యొకనికి విరిగిన మోటారుపంపును ఇచ్చి చూడుడు, అతడు మొదట దానిని చెవియొద్ద పెట్టుకొని వినును. ఆ చెవి వారికుండెను.

నాకు వగపు కలిగించునది మరియొకటి. 1968 తరువాత ఆ విమానములేమైనవి? ఒకటి ఇంగ్లండులో రాయల్ ఎయిర్ ఫోర్సు మ్యూజియమునకు పోయెను. ఒకటి కెనడాకు పోయెను. మరికొన్ని అమెరికాకు పోయెను. అందులో ఒకదానిని అక్కడివారు బాగుచేసి 1989లో మరల ఎగురవేసిరి. ప్రపంచమంతట నేడు మిగిలిన లిబరేటరులు వ్రేళ్లమీద లెక్కింపదగినవి. అందులో సగమువరకు మన వాయుసేన నడిపినవే. కాన్పూరులో చావవలసినవానిని మనవారు బ్రదికించి యుండనియెడల ఆ దేశముల పిల్లలకు చూపుటకు అవియును ఉండెడివి కావు. మనకు ఢిల్లీలో పాలెము మ్యూజియమున ఒకటి మిగిలినది. ఇచ్చుట తప్పు కాదు. ఇచ్చునప్పుడు మనచేతి కథను కూడ దానితో వ్రాసి పంపవలసియుండెను. అతిథికి అన్నము పెట్టి ఆకుక్రింద మన ఊరి పేరు చెప్పనట్టైనది.

కావలిపని ఆగలేదు. లిబరేటరుల వెనుక, ఎయిర్ ఇండియావారు ప్రయాణికులను మోసిన సూపర్ కాన్‌స్టెలేషను విమానములను సముద్రపు కావలికి మార్చిరి. 1976లో ఆ భారము నౌకాసేనకు పోయెను. పిదప రష్యావారి పెద్ద తుపోలెవులు వచ్చి 2017 వరకు నడచినవి. 2013 మొదలు మన అరక్కోణములోని రాజాళి స్థావరమున పి-8 విమానములు వచ్చెను. అవి ప్రయాణికుల బోయింగు విమానమునుండి మార్చి చేసినవి. నాడు బాంబరును ప్రయాణికుల బండి చేసిరి, నేడు ప్రయాణికుల బండిని ఆయుధము చేసిరి. అరక్కోణమునకు మన స్టేషను మీదుగానే రైలు పోవును. పోయినప్పుడు తల యెత్తి చూడుడు.

ఒక్క ప్రార్థన చేసి ముగించెదను. మున్షీ పేరైనను కొందరికి తెలియును. కాన్పూరులో గునపపు గంట్లకు రేకులు అతికినవారి పేర్లు ఏ పుస్తకమునను కానరావు. బెంగుళూరు మనకు దూరము కాదు. కరువునాళ్లలో పనికొరకు మన జిల్లాలనుండి అచ్చటికి పోయినవారు ఎందరో. వారిలో కొందరు ఆ కార్ఖానా గేటులోనికి పోయియుందురు. మీ ఇండ్లలో తాతలనాటి పెట్టెలలో జీతపుచీటీ గాని, గేటు బిళ్ల గాని, కార్ఖానా గుర్తుగల పనిముట్టు గాని, విమానముముందు నిలిచి తీయించుకొన్న పటము గాని యున్నయెడల ఈ పఠనమందిరమునకు తెచ్చి చూపుడు. కాగితమునకు నకలు తీసికొని, అసలు మీకే తిరిగి యిత్తుము. తూర్పుగోడనున్న బీరువాలో క్రింది అర ఖాళీ చేయించియున్నాను. తాళపుచెవి గ్రంథపాలకునియొద్ద నున్నది; ఆదివారము తప్ప తక్కిన దినములలో సాయంకాలము ఐదు గంటలనుండి ఎనిమిదివరకు ఆయన ఇచ్చటనే యుండును.